మావాడు మరక అనుకున్న నీడ

మా పెద్దబ్బాయి పోయి ఇరవై రోజులైందండీ. ఆసుపత్రి నుంచి చిన్నవాడొక్కడే ఆటో దిగి, గుమ్మంలో కూలబడ్డాడు. వాణ్ణి చూడగానే నాకు తెలిసిపోయింది. పెద్దగా చదువుకున్నదాన్ని కాదు, తప్పులుంటే సర్దుకోండి.

పెద్దవాడు ఫిల్మ్‌నగర్ దగ్గర ల్యాబ్‌లో సినిమా రీళ్ళు మందునీళ్ళలో కడిగేవాడు. కృష్ణానగర్‌లో మా గదికొచ్చాక రెండుసార్లు సబ్బు రుద్దుకుంటే గానీ కంచం ముట్టేవాడు కాదు. "నేను స్నానం చేయించని హీరో లేడమ్మా" అని నవ్వేవాడు. చీర కొన్నా, కోడిగుడ్డు తెచ్చినా వెలుగుకి ఎత్తి చూడటం వాడి అలవాటు.

వాడికి దగ్గు తగ్గకపోతే ఛాతీకి ఎక్స్‌రే తీయించాం. కుడిపక్క రూపాయి బిళ్ళంత నీడ ఉందని, మందులు వాడి నెలకి మళ్ళీ రమ్మని డాక్టరమ్మ చెప్పింది. నీడంటే నల్లగా కదా ఉండాలి, ఇది తెల్లగా ఉందేంటని నాకు దడ.

"ఇదీ నెగిటివ్ లాంటిదేనమ్మా. గాలి ఉన్నచోట నల్లగా, ఏదన్నా అడ్డముంటే తెల్లగా పడుద్ది" అన్నాడు. కిటికీ దగ్గర ఎత్తి చూసి నవ్వేశాడు. "ఇది కడగటంలో పడ్డ మరక. మేమిట్లా కడిగితే మేనేజరు తంతాడు."

"డాక్టరమ్మకి తెలీదంటావా?"

"ఆవిడకి రోగాలు తెలుసు, నాకు ఫిల్మ్ తెలుసు."

నాకు ఆ మాటే కావాలి. నమ్మేశాను. పక్కింటావిడకి చెప్పుకుని నవ్వాను కూడా. అయిదు నెలలు గడిచిపోయాయి.

కళ్ళెలో నెత్తురు పడ్డాక పరిగెత్తాం. రెండో ఎక్స్‌రేలో అదే చోట, నిమ్మకాయంత. డాక్టరమ్మ రెండూ పక్కపక్కన లైటు పెట్టె మీద పెట్టింది. వాడు చూసి, "ఒకే చోట రెండుసార్లు మరక పడదు" అన్నాడు మెల్లగా.

"నీడ అనేది జబ్బు పేరు కాదమ్మా. టీబీ కావచ్చు, మానిన మచ్చ కావచ్చు, గడ్డ కావచ్చు. పెరుగుతోందా లేదా చూద్దామనే మళ్ళీ రమ్మన్నాను" అంది ఆవిడ. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మీ ఇంట్లో ఎవరినైనా మళ్ళీ రమ్మంటే, భయమేసినా సరే, వెళ్ళండి.

అది క్యాన్సరు గడ్డేనని తేలింది. కానీ నా కళ్ళ ముందు మెదిలేది, అది తేలకముందు స్కానింగు చేసిన రోజు. లోపలికి వెళ్తూ వాచీ తీసి నా చేతిలో పెట్టాడు.

"భయమా అమ్మా?"

"నాకేం భయం?"

"నాకుందమ్మా" అన్నాడు. అంతవరకూ ఎప్పుడూ అనలేదు.

తలుపేశారు. లోపల మైకులో "ఊపిరి బిగబట్టండి" అని వినిపించింది. బయట బల్ల మీద నేనూ బిగబట్టాను. వాడి వాచీ నా గుప్పిట్లో కొట్టుకుంటోంది. "వదలండి" అని ఇంకా అనట్లేదు.