బంగాళాదుంపలతో పాసైన చేపల పెట్టె

గున్నమ్మ ముక్కు చిట్లించి ఒక్కసారి "ఛీ" అందంటే, భోగాపురంలో దిగబోయే విమానమైనా చక్రాలు కడుపులోకి ముడుచుకుని సముద్రం మీదికి పారిపోవాల్సిందే. నమ్మనివాళ్ళు తలకి సెంటునూనె రాసుకుని ఆవిడ ఎదట ఒక్క నిమిషం నిలబడి రండి. ఆ తర్వాత మాట్లాడుకుందాం.

చిత్రమేమిటంటే, ఈవిడ చేపలమ్మే మనిషి. కాపురానికొచ్చిన నాటినుంచీ నెత్తిన తట్ట దిగలేదు. ఎండకి ఉబ్బిపోయిన టేకుచేప పొట్ట కోసినా ఆవిడ మొహంలో ఒక్క గీత కదలదు. చేపకి వాసన దేవుడిచ్చాడు, దానికి ఎవరేం చేస్తారు. కంపంటే ఆవిడ లెక్కలో పౌడరు, ఫినాయిలు, బస్సులో పక్కమనిషి చంకలో కొట్టుకున్న స్ప్రే. లోకమంతా తనని చూసి ముక్కు మూసుకుంటుంటే, ఆవిడ లోకాన్ని చూసి మూసుకునేది.

పడవలు ఒడ్డెక్కాక వచ్చే విజయనగరం బస్సే ఆవిడ బతుకు. ఆడవాళ్ళకి బస్సు ఉచితమయ్యాక అందులో చీమ కూడా నిలబడే వెళ్ళాలి. ఇదివరకు వెనకసీటు మూలకి తోసేసే తట్ట ఇప్పుడు పదిమంది కాళ్ళ మధ్య. ఓ రోజు ఆ తట్టలోంచి కారిన నీసునీళ్ళు పెళ్ళికెళ్తున్న ఒకావిడ పట్టుచీర కుచ్చిళ్ళు తడిపేశాయి. మర్నాటినుంచి కండక్టరు ఎల్లాజీ గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టేశాడు. మనిషి ఎక్కొచ్చు, తట్ట ఎక్కకూడదన్నాడు. తట్ట లేకుండా గున్నమ్మ విజయనగరం పోయి గంటస్తంభం చుట్టూ తిరగాలా? ఆటోలో పోతే అమ్మిందంతా ఆటోవాడి జేబులోకే. బస్సు లేకపోతే ఇక తట్ట బోర్లించి ఇంట్లో కూర్చోవడమే.

ఆవిడ మనవరాలు దుర్గ హైస్కూల్లో తొమ్మిది చదువుతోంది. అక్కడ చదువుతోపాటు ప్రతి పిల్లా ఒక చేతిపని ఎంచుకోవాలి. కరెంటు పని, కుట్టుపని, వస్తువుల తయారీ. దుర్గ మూడోది పట్టుకుంది. ఆ పని నేర్పే వినోద్ మాస్టారు కొత్తవలస మనిషి, వెల్డింగు షాపులో పెరిగినవాడు. మీ ఇంట్లో ఎవరిని ఏది ఏడిపిస్తోందో చూసి, దానికి తగ్గ వస్తువు చెయ్యమన్నాడు. దుర్గ మామ్మ తట్ట గురించి చెప్పింది.

పిల్లలు పెట్టె చేశారు. అడుగున నీళ్ళు నిలిచే గది, వదిలెయ్యడానికి బుల్లి కుళాయి, లాగడానికి చక్రాలు, పైన గులాబీరంగు, మూత లోపల మల్లెపూల సెంటు బిళ్ళ. అంతవరకూ బాగానే ఉంది. పరీక్షించడానికి చేప కావాలనేసరికి హెడ్మిస్ట్రెస్ పద్మకుమారి గారు నీసు గేటు దాటకూడదన్నారు. ఆఫీసుగదిలో సరస్వతి పటం ఉందిట. బళ్ళో సగంమంది సముద్రం మీద బతికే ఇళ్ళ పిల్లలే. పిల్లల్ని రానిచ్చి చేపని ఆపిన ఆ తెలివికి దండం పెట్టాలి. చివరికి తడిపిన బంగాళాదుంపలు పోసి, పెట్టెని గది చుట్టూ లాగి, చుక్క కారలేదని చప్పట్లు కొట్టేశారు. చేప మొహం చూడకుండానే చేపల పెట్టె పాసైపోయింది. ఏడో తరగతిలోనే గోడ దూకేసిన మనబోటి వాళ్ళకే ఛీ అనాలనిపిస్తుంది ఇది వింటే.

అంతకన్నా రోత ఇంకోటుంది. జిల్లా ప్రదర్శనలో దానికి మొదటి బహుమతిచ్చారు. ఇచ్చిన పెద్దలు ఒక్కొక్కరే పెట్టెలోకి తల దూర్చి, మల్లెల వాసన పీల్చి, ఆహా అన్నారు.

సోమవారం గున్నమ్మ అందులో కవ్వళ్ళ చేపలు పోసి, ఐసు చల్లి, బస్సు దగ్గర నిలబడింది. గులాబీరంగు చూసి ఎల్లాజీ ఎవరిదో పుట్టినరోజు కేకు అనుకున్నాడో ఏమో, ఎక్కనిచ్చాడు. నాతవలసలో బస్సాగితే ఆవిడ పెట్టెతో దిగి కుళాయి తిప్పింది. చుక్క రాలేదు. కవ్వళ్ళ పొలుసు రాలి కుళాయి నోట్లో బిరడా కట్టేసింది. దుంపకి పొలుసుండదు కదా మరి. మళ్ళీ బస్సెక్కాక ఐసు కరిగింది, నీళ్ళు మూతదాకా లేచాయి. ఆపైన ఒక స్పీడుబ్రేకరు. మూత ఎగిరిపోయి, నీసూ మల్లెలూ కలిసిన ఆ నీళ్ళు బస్సంతా పారాయి. శవం మీద వేసిన దండ రెండ్రోజులు అలాగే ఉంచితే వస్తుందే, ఆ కంపు. దానికి రోడ్డుపక్క తాటిచెట్లు అవతలికి వంగిపోయాయని, ఇప్పటికీ అలాగే ఉన్నాయని చెప్తారు. కిటికీకో తల చొప్పున బస్సు మొత్తం బయటికి వంగి కక్కింది. అందరికన్నా ఎక్కువ కక్కింది గున్నమ్మే, ఆ మల్లెలకి.

ఎల్లాజీ ఆవిణ్ణీ పెట్టెనీ రోడ్డుమీద దింపేశాడు.

ఇంటికొచ్చి ఆవిడ పెట్టెని సరుగుడు తోటలోకి తన్నింది. బడినుంచొచ్చిన దుర్గ దాన్ని చూసి ఏడుపు మొహం పెట్టింది.

"ఒలే, దీన్ని సేసినోళ్ళలో ఒక్కులైనా సేపని ముట్టుకున్నారేటే?"

దుర్గ నేల చూస్తూ దుంపల సంగతి చెప్పింది.

గున్నమ్మ పెట్టెని ఇంకో తన్ను తన్నింది. తర్వాత, "దుంపలమ్ముకోడానికి నాకు బస్సెందుకే," అంది.

మర్నాడు పిల్లల చేత చేప ముట్టిద్దామని తట్ట నెత్తినెట్టుకుని బడి గేటు దగ్గరికే పోయింది. లోపల పద్మకుమారి గారు సెంటు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ఆ సెంటుకి ఇవతల గున్నమ్మ పైట అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ అలా ముక్కులు మూసుకుని ఒకరినొకరు అసహ్యించుకుంటుంటే, వినోద్ మాస్టారికి తల కొట్టేసినట్టయింది. చేప లోపలికి రాకూడదు గానీ క్లాసు బయటికి పోవచ్చు కదా అని, పిల్లల్ని వెంటబెట్టుకుని సరుగుడు తోటలోకి నడిచాడు.

పెట్టె చేసిన జట్టుకి నాయకుడు పృథ్వీరాజ్, రైతుల బిడ్డ. కవ్వని పెన్నుతో పొడుస్తూ కూర్చున్నాడు. గున్నమ్మ దాన్ని తీసి వాడి అరచేతిలో పెట్టింది.

"సచ్చిపోనాది బాబూ, కరవదు. పట్టుకో."

వాడు పట్టుకున్నాడు, పక్కకి తిరిగి కక్కాడు, మళ్ళీ పట్టుకున్నాడు. వేళ్ళకంటిన పొలుసు చూసి అప్పుడు కుళాయి పీకేశాడు. వారమంతా తోటలోనే పని. గున్నమ్మ ప్రతి మేకునీ తిట్టింది. మల్లెబిళ్ళని కర్రతో తోసి పాతిపెట్టించింది. ఈసారి కుళాయి లేదు. బెజ్జాల పళ్ళెం, దానికింద లాగి పారబోసే సొరుగు, మూతకి రబ్బరు అంచు. చూడ్డానికి అంత అసహ్యమైన పెట్టె రెండు జిల్లాల్లో లేదు.

బస్సొచ్చింది. ఎల్లాజీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అప్పా, మళ్ళీ అదేనా?"

"సూసుకో. నీళ్ళు కారితే నువ్వు దింపక్కర్నేదు. నేనే దిగిపోతాను, ఇంకెప్పుడూ నీ బస్సు మొహం సూడను."

వాడు వంగి పెట్టె చుట్టూ వాసన చూశాడు. చెయ్యి తీశాడు.

ఆ రోజు బస్సులో ఒక్కరికీ నీసు తగల్లేదని, ఒకాయన ఆ పెట్టె మీద తలపెట్టి గురకపెట్టాడని, విజయనగరంలో ఎల్లాజీయే దాన్ని నెత్తినెట్టుకుని బజారుదాకా మోశాడని ఊరంతా చెప్పుకుంటారు. గున్నమ్మనడిగితే మాత్రం ముక్కు చిట్లిస్తుంది.

"అదేటీ నేదు. వాసనొచ్చింది. ఎల్లాజీ కిటికీ తీసేడు. దింపనేదు."