ఉప్పుకు చీటీ వేసిన శనివారం

నిరుడు మా అక్క వరిచేను ఉప్పెక్కి మాడిపోయింది. చేనుకు ఎగువన మూడు రొయ్యల గుంటలున్నాయి. ముగ్గురు ఆసాములూ మా చర్చి సంఘస్థులే. రొయ్యలు పట్టాక ముగ్గురూ ఒకే కాలువలోకి ఉప్పునీళ్లు వదులుతారు. ఆ కాలువ పొంగి అక్క చేలో పడింది. అందులో ఎవరి నీళ్లు ఎన్నో ఎవరు చెప్పగలరు? బావ లేడు. అక్కకు ఆ చేనే అన్నం. ఆమె అడిగింది ఒక్కటే: మంచినీళ్ల బోరు వేయిస్తే చేను కడుక్కుంటానని.

మా సంఘంలో తగువు ఏదైనా, ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకు ముందే తీరాలి. శనివారం సాయంత్రం పెద్దలు కూర్చున్నారు.

"ఆ ఉప్పు మీద నా పేరు రాసుండాదా అక్కా?" అన్నాడు పెద్ద గుంటాయన.

"రాసుంటే ఈపాటికి చెరిపేసుందువే!" అంది అక్క.

నేను లేచి బైబిల్లోని ధర్మశాస్త్రం గుర్తుచేశాను. పొలంలో శవం దొరికి, చంపిందెవరో తెలియకపోతే, చుట్టుపక్కల ఊళ్లకు దూరం కొలిచి, దగ్గరి ఊరి పెద్దలు జవాబుదారీగా నిలబడాలి. తెలియదని చెప్పి ఎవరూ ఇంటికి పోవడానికి లేదు. ఇక్కడ ముగ్గురూ నీళ్లు వదిలామనే ఒప్పుకుంటున్నారు!

"అది పాత నిబంధన కదన్నా," అన్నాడు రెండో ఆసామి.

"కొత్త నిబంధనలో అపొస్తలులు చీట్లు వేసినారు. దేవుడే చూపిస్తాడు," అన్నారు పాస్టరు గారు.

ప్రార్థన చేసి, బోరు ఎవరు వేయించాలో తేల్చడానికి కానుకల సంచిలో ముగ్గురి పేర్లతో మూడు చీట్లు వేశారు. అన్నిటికన్నా చిన్న గుంట, అదీ కౌలుకు తీసుకున్నవాడి పేరు వచ్చింది. మిగతా ఇద్దరూ "స్తోత్రం!" అని అరిచారు.

"ముగ్గురం వదిలితిమి గదయ్యగారూ, నేనొక్కడినేనా?" అన్నాడు ఆ కౌలుదారు.

"దేవుని చిత్తం తమ్ముడూ."

యేసు శిష్యులైన ఆ అపొస్తలులు చీటీ వేసింది సేవకు మనిషిని ఎంచుకోవడానికి. ఇద్దరిని తప్పించడానికి కాదు.

మా తీరంలో లోతుకు పోతేనే తియ్యనీరు. చీటీ పడ్డ కౌలుదారు తాహతు అంత లోతుకు చాలలేదు. అక్క చేలో అతను మధ్యలో ఆపిన బోరులో ఉప్పునీరే పడింది. పెద్ద గుంటాయన వచ్చి ఆ నీళ్లలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు.

"చూసినావా? ఉప్పు నేల్లోనే ఉండాది. మా గుంటలదేం లేదు."

"ఈ నేలే గదరా నిన్నటిదాకా నాకు కూడు పెట్టింది!" అంది అక్క.

అతను కాళ్లు కడుక్కుని వెళ్లిపోయాడు.

మొన్న పాస్టరు గారు నన్ను పిలిచి, కోపం విడిచి క్షమించమన్నారు.

"ఎవర్ని అయ్యగారూ? చీటీ రాని ఇద్దరిదీ తప్పే లేదంటిరే."

అక్క ఈ ఏడు పరాయి చేలో నాట్లకు పోతోంది.