లడాఖ్ మట్టి, మా ఇంటి పేడనీళ్లు

మొన్న కనకమామిడి ఊళ్లో మా చుట్టాల ఫామ్‌హౌస్‌కు భోజనాలకు వెళితే, ఆ ఇంటాయన టార్చిలైటంత పరికరం ఒకటి తెచ్చి మామిడి పాదులోని మట్టికి ఆనించాడు. లోపల లైటు వెలిగింది, ఫోన్‌లో అంకె పడింది. నేలలో కర్బనం ఎంతుందో అదే చెప్పేస్తుందట. అందరూ ఆహా అన్నారు. నేను మాత్రం ఊరుకోలేదు. ఆ మట్టికి తడిగానీ పేడగానీ తగల్లేదు కదా అని అడిగేశాను. ఆయన నన్ను వింతగా చూశాడు. నాకేమో మా ఆడబిడ్డ గుర్తొచ్చింది.

చేవెళ్లలో కిరాణా దుకాణం ఇంట పుట్టి మట్టి చదువు చదివిన పిల్ల. కాలు ఒకచోట నిలవదు, అన్నం కూడా నిలబడే తినేది. పరిశోధన కోసం లడాఖ్ కొండలెక్కి, ఏడాదంతా గడ్డకట్టుకుని ఉండే నేలను తవ్వి సంచుల్లో మట్టి తెచ్చింది. ఆ చలికి ఆకులూ వేళ్లూ పూర్తిగా కుళ్లకుండా అట్లాగే ఉండిపోతాయట. అందులో ఉండేదే కర్బనం. నేల వేడెక్కితే అది గాలిలో కలిసిపోతుంది కాబట్టి, ముందే ఎంతుందో కొలిచి పెట్టుకోవాలి. బాగా ఆరిన మట్టిమీద వెలుగు వేసి, తిరిగొచ్చే వెలుగును బట్టి లెక్క కడతారు.

కాలేజీలో ఆరబెట్టే గది రిపేరులో ఉందని మా వరండాలో కాగితాలు పరిచి ఆ మట్టి పోసింది. ఇక మాకు మొదలైంది. ఫ్యాను వేయొద్దు, పిల్లలు అటు తొక్కొద్దు, గట్టిగా తుమ్మొద్దు. చలిదేశపు మట్టి కోసం ఇంటిల్లిపాదీ ఉక్కపోతలో చెమటలు కక్కాం.

కొన్నాళ్లకు లెక్కలు తేలాయి. గడప పక్కన ఆరబెట్టినదంతా ఒకే కొండవాలు నుంచి తెచ్చిన మట్టి. అందులో ఎవరూ ఊహించనంత కర్బనం ఉందని వచ్చింది. వాళ్ల సారు పొంగిపోయి, వెంటనే వ్యాసం రాయమన్నాడట. రాస్తే ఉద్యోగం ఖాయమన్నట్టే. ఈ పిల్లకు మాత్రం ఆ అంకె గొంతులో ముల్లయింది. ఆదివారం ఇంటికొచ్చి, కాలుగాలిన పిల్లిలా వంటింటికీ వరండాకూ తిరుగుతూ ఒక్కొక్కరినీ అడిగింది, ఆ కాగితాల మీద ఏమన్నా పడిందా అని.

బియ్యం ఏరుతున్న మా అత్తమ్మ తలెత్తకుండానే చెప్పింది. "పడుడేంది, నేనే తెల్లారంగ జర పేడనీళ్లు జల్లిన. ఎక్కడి మట్టో ఏమో, శుద్ధి చెయ్యకుంట ఇంట్ల ఎట్ల వెట్టుకుంటం? గడపకాడున్న దానికి జల్లిన, సాలనుకున్న."

ఆడబిడ్డ నా వైపు తిరిగింది. "వదినా, ఆ కర్బనం లడాఖ్‌ది కాదు. మన బర్రెది."

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వుతూనే ఆ పిల్ల ఏడ్చేసింది. సారు ఖుషీగానే ఉన్నాడు కదా, ఊరుకొమ్మన్నాడు మా ఆయన. ఆమె వినలేదు. వాకిట్లో నిలబడే సారుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేసింది. వ్యాసం ఆగింది, ఉద్యోగమూ ఆగింది. మరుసటి వేసవిలో మంచు కరిగాక మళ్లీ తెచ్చుకోవచ్చని నేను ధైర్యం చెప్పాను.

వెళ్లింది. అక్కడినుంచి ఫోన్ చేసింది. ఆ వాలు మొత్తం కరిగి, జారి వాగులో కలిసిపోయిందట. అత్తమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"మళ్ల దొరకదా బిడ్డా?"

"పక్క కొండమీద తవ్వుతున్నమే. గా మట్టి మాత్రం దొరకదు."

అత్తమ్మ ఆ పూట అన్నం తినలేదు. ఆమెమీద కోపం తెచ్చుకుందామని నేను చాలా ప్రయత్నించాను. రాలేదు. ఎన్ని వందల ఏళ్లు చెక్కుచెదరకుండా ఉన్న మట్టో అది, మా ఇంట్లో ఒక్క తెల్లవారుజామును దాటలేకపోయింది.