ఉప్పలయ్య వేసిన నలుపు

కాశిబుగ్గలో ఉప్పలయ్య చేతులు చూస్తే ఆ వారం ఏ రంగు నూలు ఉడికిందో చెప్పొచ్చు. గోళ్ళ సందుల్లో ఒకసారి ఎరుపు, ఒకసారి నీలం. సబ్బుకు పోదు, కిరసనాయిలుకు పోదు. పెళ్ళైన కొత్తలో భార్య మొగిలమ్మ ఆ చేతులు చూసి భయపడిందట. ఇప్పుడు రంగు లేకుండా కనిపిస్తే పని దొరకలేదేమోనని భయపడుతుంది.

జంపఖానాలు నేయడం అతనికి తండ్రి నుంచి వచ్చింది. నేసినవి భుజాన వేసుకుని సేటు కొట్టుకు మోయడం, సేటు తలెత్తి చూసే దాకా గడప బయట నిలబడటం కూడా తండ్రి నుంచే వచ్చింది. మొదటిది ఉంచుకున్నాడు. రెండోదాన్ని యాభై దాటాక వదిలించుకున్నాడు. ఒక పాత తెల్ల మారుతి వ్యాన్ కొని, మనవల ఈడు పిల్లల మధ్య కూర్చుని డ్రైవింగ్ నేర్చుకుని, తన సరుకు తనే వేసుకుని పరకాలకూ ములుగుకూ తిరగడం మొదలుపెట్టాడు. ఈ వయసులో స్టీరింగ్ ఎందుకని ఎగతాళి చేసిన వాళ్ళందరినీ ఎప్పుడో ఒకప్పుడు ఆ వ్యాన్‌లోనే దవాఖానాకో పెళ్ళికో తీసుకుపోయాడు.

ఇంజన్ మంచిదే. కానీ వ్యాన్‌కు నీడ లేదు, పొద్దంతా సందులో ఎండకు ఎండేది. బంపర్లు, తలుపుల మీది ప్లాస్టిక్ పట్టీలు, పక్క అద్దాల డొప్పలు, కిటికీల చుట్టూ రబ్బరు, ఒకప్పుడు నల్లగా ఉన్నవన్నీ పొయ్యిలో బూడిదలా తేలిపోయాయి. బండి నడిస్తే చాలుననుకుని ఉప్పలయ్య పట్టించుకోలేదు.

పరకాలలో ఫంక్షన్ హాలు నడిపే రాజమౌళి పట్టించుకున్నాడు. పెళ్ళిళ్ళకు పరచడానికి జంపఖానాలు కావాలని కబురు పెట్టింది అతనే. ఉప్పలయ్య వెళ్ళేసరికి హాలు ముందు వంటవాళ్ళు, టెంటు వేసేవాళ్ళు గుంపుగా ఉన్నారు. రాజమౌళి జంపఖానా వైపు చూడకుండా బంపర్‌ను గోరుతో గీకాడు.

"ఉప్పలన్నా, నీ బండి నలుపే ఆగలే. నీ జంపఖాన రంగు ఆగుతదా?"

అందరూ నవ్వారు. ఉప్పలయ్యను ముసలోడన్నా ఊరుకుంటాడు, పిసినారి అన్నా ఊరుకుంటాడు. రంగు పోతుందన్న మాట మాత్రం అతని ఇంట్లో ఎవరూ పడలేదు. మళ్ళీ వస్తాననీ, అప్పుడు బండిని చూసి మాట్లాడమనీ చెప్పి జంపఖానా చుట్టేసుకున్నాడు.

కోపం మీదున్న మనిషి తనకు వచ్చిన పనే చేస్తాడు. ఉప్పలయ్యకు వచ్చింది నూలుకు రంగు వేయడం. గంగాళం పొయ్యి మీద పెట్టి, జంపఖానా అంచులకు వాడే నలుపును చిక్కగా మరిగించి, వేడివేడిగా బ్రష్‌తో బంపర్లకు, పట్టీలకు, రబ్బర్లకు పూశాడు. ఆ ఊపులో వైపర్లను కూడా వదల్లేదు. ఆరాక వ్యాన్ షోరూం నుంచి దిగినట్టు నిగనిగలాడింది. టీ కొట్టు శేఖర్ వచ్చి తన బైకు మడ్‌గార్డుకూ కాస్త పూయమన్నాడు. ఉప్పలయ్య మీసం దువ్వుకుని, మొగిలమ్మను పక్కన ఎక్కించుకుని పరకాలకు బయలుదేరాడు.

గూడెప్పాడ్ దాటగానే వాన పట్టుకుంది. వైపర్లు ఆడేకొద్దీ అద్దం మీద నల్లనీళ్ళు. హాలు ముందు ఆగేసరికి కళ్ళ కాటుక కారినట్టు తెల్ల తలుపుల నిండా చారలు. రాజమౌళి ఈసారి నవ్వనైనా నవ్వలేదు. జంపఖానా రంగు ఇలాగే పెళ్ళివాళ్ళ పట్టుబట్టలకు అంటితే తన హాలు పేరు ఏం కావాలన్నాడు. వేరేచోట చూసుకుంటానన్నాడు.

ఆ కథ పరకాలలో ఆగలేదు. తర్వాత ములుగు వెళితే, ఏనాడూ సరుకును అనుమానించని దుకాణదారు వేలు తడి చేసుకుని జంపఖానా అంచును రుద్ది చూశాడు. రంగు పోలేదు, కానీ రుద్దాడు కదా. ఇంటికొచ్చేసరికి సేటు కబురు సిద్ధంగా ఉంది. ఆ బండి అమ్మేసి, పాత పద్ధతిలోనే సరుకు కొట్టుకు తెమ్మన్నాడట.

"పోను," అన్నాడు ఉప్పలయ్య. "ఆ గడపకాడ మల్ల నిలవడుడు నాతోని గాదు."

మొగిలమ్మ నూలు కండె చుడుతూనే అడిగింది. "నిలవడకు. కాని నూలును సోడల ఉడకవెట్టకుంట ఎన్నడన్న రంగేసినవా?"

"లేదు."

"రంగేసినంక తడిబట్టతోని రుద్దకుంట ఎన్నడన్న అమ్మినవా?"

"అమ్మలే."

"మరి బండేం పాపం జేసిందయ్యా? నూలుకున్న ఇజ్జతు దానికి లేదా?"

ఉప్పలయ్య బండి తాళం తీసుకుని లేచాడు. ఆమె చెప్పింది నిజం కాబట్టి కోపం ఇంకా పెరిగింది.

హనుమకొండలో కార్ల సామాను కొట్టు చూసుకునే లావణ్య ఫోన్ నుంచి తల తిప్పకుండానే అతనికి సంగతి చెప్పింది. ప్లాస్టిక్ నూలులా రంగు తాగదు, దానికి వేరే మందు ఉంటుంది. పల్చగా రుద్ది, ఎక్కువైంది తుడిచేయాలి. రబ్బరుకు ఇంకో మందు, మెరుపు కోసం డీజిల్ రుద్దితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఈ నలుపు ఎప్పటికీ ఉంటుందా అని అడిగాడు. ఉండదు తాతా, మళ్ళీ వేసుకోవాలి అంది. ఎప్పటికీ ఉంటుందని చెప్పి ఉంటే అతను కొనేవాడు కాదు. అలాంటి రంగు లోకంలో లేదని అతనికి తెలుసు.

ఈసారి బండిని రంగు వేయబోయే నూలు చిలపలాగే చూశాడు. సబ్బునీళ్ళు, పాత టూత్‌బ్రష్. బంపర్ గరుకులోంచి ఎప్పటిదో పాలిష్, దసరా పూజల పసుపు, తను పూసిన రంగు అంతా బురదగా దిగింది. నీళ్ళు తేటగా జారే దాకా కడిగి, నీడన ఆరబెట్టి, మందును పాత పంచె గుడ్డతో పల్చగా రుద్ది తుడిచాడు. ఆరాక తడిబట్టతో రాసి చూస్తే కాస్త నలుపు అంటింది. మళ్ళీ తుడిచి, ఇంకా ఆరనిచ్చాడు. బట్ట తెల్లగా వచ్చే దాకా పక్క ముక్కకు చేయి వేయలేదు. ముందు బంపర్, డ్రైవర్ పక్క పూర్తయ్యేసరికి తెచ్చిన మందు అయిపోయింది. అదే పొద్దున రాజమౌళి జంపఖానాలకు ఇంకెవరితోనో మాట్లాడుతున్నాడని తెలిసింది. బండి మొత్తం అయ్యాక పోదామంది మొగిలమ్మ. అయిన మేరకు అయింది, ఎక్కమన్నాడు ఉప్పలయ్య.

రాజమౌళి వ్యాన్ చుట్టూ తిరిగాడు. ఒక పక్క నలుపు, ఇంకో పక్క బూడిద.

"గిదేందన్నా, సగం పెండ్లికి, సగం చావుకు తయారైనట్టున్నది."

టెంటు వాళ్ళు మళ్ళీ నవ్వారు.

"సగమే అయింది. కానిది కానట్టే కనవడుతాంది, దాసిపెట్టి తేలే." ఉప్పలయ్య భుజం మీది తెల్ల తువ్వాలను వంటవాళ్ళ బకెట్లో ముంచి అతని చేతిలో పెట్టాడు. "రుద్దు. బండిని రుద్దుతవో, జంపఖానను రుద్దుతవో నీ ఇష్టం."

రాజమౌళి బంపర్ మీద మర్యాదకు రాసినట్టు రాశాడు.

"గట్టిగ రుద్దు. మొన్న నోరు గట్టిగనే లేసింది గద."

గట్టిగానే రుద్దాడు. తువ్వాలుకు దారిలో పడిన దుమ్ము అంటింది, నలుపు అంటలేదు. జంపఖానా అంచును రుద్దినా అంతే. ఒక వంటమనిషి తువ్వాలు లాక్కుని తనూ రుద్ది చూసి, పక్కవాడికిచ్చాడు. రాజమౌళి గొంతు తగ్గించి, సరుకు దించమనీ, లోపలికొచ్చి చాయ్ తాగమనీ అన్నాడు.

ఉప్పలయ్య కదల్లేదు. "అన్నది బయట అన్నవు. గిది గూడ బయటనే అను."

"ఏమనాలె?"

"నీకెర్కే."

రాజమౌళి టెంటు వాళ్ళ వైపు చూశాడు, నేల చూశాడు. "ఉప్పలన్న రంగు పోదు," అన్నాడు మెల్లగా.

వ్యాన్ లోంచి మొగిలమ్మ తల బయటపెట్టింది. "ఎనకోళ్ళకు ఇనవడలే, తమ్మీ."

ఇంకోసారి అన్నాడు. ఈసారి వంటపాకలో ఉల్లిగడ్డలు కోస్తున్న వాళ్ళు కూడా తలెత్తారు.

జంపఖానాలు దించడం అయ్యాక ఉప్పలయ్య చాయ్‌కి లోపలికి పోలేదు. దాచేదేమీ లేనట్టు, బూడిదరంగు పక్క జనం వైపు ఉండేలా వ్యాన్ తిప్పి, పరకాల బజారు నడిమి నుంచి నిదానంగా నడుపుకుంటూ పోయాడు.