ఎవరి తాలూకూ కాని సర్వరు

జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్ళే బస్సులో నా పక్క కిటికీ అద్దం ఏనాడూ నా మాట వినలేదు. ఎండాకాలం మూసుకుని ఇరుక్కుపోతుంది, వానాకాలం తెరుచుకుని ఇరుక్కుపోతుంది. కండక్టరుకు చెబితే "దిగేదాకా సర్దుకోండి సార్" అంటాడు. దిగాక సర్దుకోవడం పెద్ద కష్టం కాదు కాబట్టి నేనూ ఊరుకుంటాను.

వేసవిలో ప్రతి ఆదివారం ఈ ప్రయాణం తప్పదు. నందిగామలో మా పెద్దమ్మ ఆవకాయ వ్యాపారం చేస్తుంది. పేటలో మా కిరాణా కొట్టు కౌంటరు మీద ఆవిడ జాడీలు చాలా ఏళ్ళుగా అమ్ముడవుతున్నాయి. ఉద్యోగాలకని ఊరు విడిచినవాళ్ళు ఫోన్లు చేసి పంపమని అడగడం మొదలుపెట్టాక, ఆన్‌లైన్లో అమ్ముదామని ఆవిడకే తోచింది. మా ఇంట్లో బీకాం చదివింది నేనొక్కడినే. ఒకసారి కొట్లో ప్రింటరును పనిచేయించిన చరిత్ర కూడా ఉంది. దాంతో వెబ్‌సైటూ ఆర్డర్లూ చూసుకునే సర్వీసును వెతికే పని నా మీద పడింది.

మా వైపు వ్యాపారుల ఇళ్ళలో కొత్తవాడితో బేరం మొదలుపెట్టేముందు అడిగే ప్రశ్న సరుకు గురించి కాదు. "ఎవరి తాలూకు?" అని అడుగుతారు. నూనె మిల్లయినా, మిరపకాయల కమీషన్ కొట్టయినా అంతే. ఎవరి తాలూకో తేలితే, మాట తప్పినప్పుడు ఏ పెళ్ళి పందిట్లో పట్టుకుని నిలదీయాలో తెలుస్తుంది. చట్టం దీనికంటే నెమ్మది.

నేను నా ప్రశ్నలతో వెళ్ళాను. సైటు ఆగిపోతే ఎవరు పలుకుతారు? కాపీలు ఎక్కడ దాస్తారు? మనం మానేస్తే మన కస్టమర్ల వివరాలు మనకిస్తారా? పెద్దమ్మ అంతా విని, "అవన్నీ ఎందుకురా, మనవాడే ఉన్నాడుగా" అంది. మనవాడంటే ఆవిడ తోడికోడలి అన్న కొడుకు. బెజవాడలో వెబ్‌సైట్లు చేస్తాడు. ఆ ఆదివారమే భోజనానికి వచ్చాడు. ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుని కళ్ళు మూసుకున్నాడు. అంతే, ఒప్పందం కుదిరింది. విస్తరి ముందు కూర్చున్న చుట్టాన్ని బ్యాకప్ సంగతి అడగడం మర్యాద కాదు. నేను అడగలేదు.

కొత్తావకాయ ఆర్డర్లు జోరుగా వస్తున్న వారంలో సైటు ఆగిపోయింది. పెద్దమ్మ ఫోన్ చేసింది. అతను వెంటనే ఎత్తాడు. ఆ ఒక్క విషయంలో వంక పెట్టలేం.

"గృహప్రవేశంలో ఉన్నానత్తయ్యా, వెళ్ళగానే చూస్తా."

వెళ్ళి చూశాడు. వాళ్ళ ఆఫీసులో కంప్యూటరు కాలిపోయింది. మా ఆర్డర్లన్నీ అందులోనే ఉన్నాయి.

"కాపీ తీశానన్నావుగా అల్లుడూ?"

"తీశానత్తయ్యా. అది కూడా అందులోనే పెట్టా, భద్రంగా ఉంటుందని."

పెద్దమ్మ అతన్ని తిట్టిన తిట్లకు వీధిలో సగం మంది పనులు ఆపుకున్నారు. అతను మధ్యమధ్య "అవునత్తయ్యా" అంటూ అన్నీ స్వీకరించాడు. తర్వాత కస్టమర్ల వంతు వచ్చింది. "ఏమ్మా, పచ్చడి పంపుతారా, మళ్ళీ మామిడి కాపు రావాలా?" అని ఒకాయన అడిగాడు. ఆ ఏడాది చిరునామాలు మాకు అలాగే దొరికాయి. ఎవరు తిట్టడానికి ఫోన్ చేస్తే వాళ్ళ చిరునామా రాసుకున్నాం. ఓర్పుగల కస్టమర్లకు పచ్చడి అందలేదు.

హాలు నిండా మిగిలిన జాడీల మధ్య కూర్చుని పెద్దమ్మ మెల్లగా చెప్పింది. "ఇంకొక్క వేసవి చూస్తా. మళ్ళీ నా మాట పోయిందంటే ఈ ఆన్‌లైనూ వద్దు, ఏమీ వద్దు. నీ కౌంటరు చాలు."

ఈసారి నేను చుట్టరికాలు కలపలేదు. పొగిడినవాళ్ళ రివ్యూలు వదిలేసి, తిట్టినవాళ్ళవి చదివాను. వాళ్ళకు కంపెనీవాళ్ళు ఏం జవాబిచ్చారో చదివాను. ఒక సర్వీసును ఊరికే కొన్నాళ్ళు వాడి చూసి, మధ్యలో కావాలని ఒక ప్రశ్న పంపాను. భోజనం ముగించేలోగా జవాబొచ్చింది. చేరకముందే, మానేస్తే మా కస్టమర్ల వివరాలు మా చేతికి తిరిగొస్తాయో లేదో చూసుకున్నాను. వచ్చాయి. కంచికచర్లలో అదే సర్వీసు వాడే మిఠాయి కొట్టాయన దగ్గరికి వెళ్ళి ఎలాంటివాళ్ళని అడిగాను.

"వాళ్ళ మొహం ఎప్పుడూ చూళ్ళేదండి. చూడాల్సిన పని పళ్ళేదు."

ఈ మాట పెద్దమ్మకు చెబితే, అదేదో జబ్బు పేరు విన్నట్టు చూసింది. అయినా సరేనంది.

మళ్ళీ వేసవి వచ్చింది. ఒక మధ్యాహ్నం గాలివానకు నందిగామలో కరెంటు పోయింది, ఫోన్లలో సిగ్నలూ పోయింది. సాయంత్రం అన్నీ తిరిగొచ్చేసరికి, మేం చీకట్లో విసనకర్రలతో కూర్చున్నంతసేపూ వచ్చిన ఆర్డర్లు వరసలో నిలబడి ఉన్నాయి. ఇంటివాళ్ళు తలుపు తీసేదాకా అరుగు మీద కూర్చున్న చుట్టాల్లాగా, ఒక్కరూ విసుక్కోకుండా. ఆ వరసను ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాను.

అసలుది ఆ తర్వాతి ఆదివారం జరిగింది. పెద్దమ్మ నూనె చేత్తో ఫోన్ తీసి ఏదో ధర మార్చబోయి, ఎక్కడెక్కడో నొక్కింది. ఆవకాయ, మాగాయ, కందిపొడి, వచ్చిన ఆర్డర్లు, అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. తెర తెల్లగా ఉంది. పెద్దమ్మ మొహం ఇంచుమించు అదే రంగులో ఉంది.

"పోయిందిరా. నా మాట మళ్ళీ పోయింది."

నేను ఫోన్ తీసుకుని, సర్వీసువాళ్ళు ఉదయం దాచిన కాపీని వెనక్కి తెమ్మని నొక్కాను. చిన్న చక్రం ఒకటి తిరిగింది. ఒక్కొక్క జాడీ బొమ్మే వచ్చి దాని చోట్లో అది కూర్చుంది. కింద ఆర్డర్లు, పేర్లు, చిరునామాలు, ఎవరో "కారం తగ్గించండి" అని రాసుకున్న ముక్కతో సహా.

ఉప్పెక్కువైన జాడీని నిన్నటికి తిప్పగలిగినవాళ్ళు మా వంశంలో లేరు. నోరు జారిన మాటను తిప్పగలిగినవాళ్ళు అసలే లేరు. ఇక్కడ పొద్దుటిపూట మొత్తం, అడగ్గానే, చెక్కుచెదరకుండా తిరిగొచ్చింది. చేసినవాళ్ళెవరో మాకు తెలియదు. పచ్చడి రుచి వాళ్ళకు తెలియదు. అయినా మా సరుకుకు ఇంత కాపలా కాశారు. ఆ క్షణంలో దండం పెట్టాలనిపించింది. ఏ దిక్కుకు పెట్టాలో తెలియక ఆగాను.

పెద్దమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి, ఫోన్‌ని వెనక్కి తిప్పి కూడా చూసింది.

"ఇదంతా ఎక్కడుంటుందిరా?"

"ఒక్క చోట కాదు పెద్దమ్మా. రెండు మూడు దేశాల్లో పెడతారంట."

"ఎవరి తాలూకు?"

"ఎవరి తాలూకూ కాదు."

"ఫోన్ చేస్తే ఎత్తేవాడు?"

"రాస్తే జవాబిస్తారు. ఒక్కోసారి ఒక్కొక్కరు. పేర్లు కూడా సరిగ్గా ఉండవు. కానీ చూశావుగా, ఎంత బాగా కాపాడారో."

ఆవిడ తెర మీది జాడీలను మరోసారి చూసుకుని, ఫోన్ నా చేతిలో పెట్టింది.

"బాగానే ఉంది. రేపిది చెడిపోతే నేనెవణ్ణి తిట్టాలి?"