వృత్తాల కోసం పిల్సెన్‌కి ఒక శనివారం

షికాగో చూడబోయేవాళ్లు మామూలుగా ఎత్తయిన భవనాలు, సరస్సు, మ్యూజియంలు చూసి వస్తారు. నేను మాత్రం 2012 మార్చిలో ఒక శనివారం, పిల్లలకు ఆకారాలు నేర్పడానికి సామాను తెచ్చుకుందామని ఆ నగరానికి వెళ్లాను. అప్పుడు షామ్‌బర్గ్‌లో ఉంటూ చిన్నపిల్లల విద్యలో మాస్టర్స్ చేస్తున్నాను. చదువులో భాగంగా ఆ సెమిస్టర్ అంతా ఒక ప్రీస్కూల్‌లో నాలుగేళ్ల పిల్లల తరగతిలో పనిచేయాలి. పదహారు మంది పిల్లల్లో తొమ్మిది మంది ఇళ్లలో స్పానిష్ మాట్లాడతారు. ఆకారాల పాఠం నాకు అప్పగిస్తూ తరగతి టీచర్ మిస్ కేరన్ ఒక మాట చెప్పారు. “ప్లాస్టిక్ ముక్కలు చూపించి సర్కిల్, స్క్వేర్ అనిపించడం ఎవరైనా చేస్తారు. వాళ్ల ఇళ్లలో ఉండే వస్తువులతో, వాళ్ల మాటలతో చెప్పి చూడు.” నేను సీర్కులో, క్వాద్రాదో, త్రియాంగులో అంటూ వృత్తం, చతురస్రం, త్రిభుజం పేర్లు నోటికి పట్టించుకున్నాను. వస్తువులు దొరకడమే మిగిలింది.

ఇంకో బరువు కూడా ఉంది. మా తరగతిలో యారెలి అనే పాప ఉండేది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. ఆ వారం పిల్లలకు ఎవరికెంత తెలుసో చూడటానికి ఒక చిన్న పరీక్ష పెట్టాను. రంగు కాగితం మధ్యలో గీసిన వృత్తాన్ని మొద్దు కత్తెరతో కత్తిరించి నా చేతికివ్వాలి. యారెలి కాగితాన్ని సగానికి మడిచి, చక్కగా కత్తిరించి, వృత్తాన్ని చెత్తబుట్టలో వేసి, మిగిలిన కాగితం నాకిచ్చింది. మర్నాడు చతురస్రం, ఆ మర్నాడు త్రిభుజం. మూడుసార్లూ అంతే. పరీక్ష షీట్‌లో మూడు గళ్లలోనూ “ఆకారాన్ని గుర్తించలేదు” అని రాసి సంతకం చేశాను. సోమవారం పది గంటలకు మీటింగ్. ఆ షీట్ చూసి యారెలిని వేరే బడిలో, నేర్చుకోవడంలో వెనకబడిన పిల్లల తరగతికి పంపాలా వద్దా అని తేలుస్తారు. ఆ తరగతి చెడ్డదని కాదు. అవసరమైన పిల్లలకు అక్కడ మంచి సాయం అందుతుంది. కానీ యారెలి కొంచెమైనా నవ్వేది మా గదిలో ఉన్న ఇద్దరు స్నేహితుల దగ్గరే. రాసింది సరైనదే అనుకుంటున్నా, నాకు కుదురుగా లేదు.

శుక్రవారం సాయంత్రం పాపను తీసుకెళ్లడానికి వచ్చిన వాళ్లమ్మను, మీ పండగల వస్తువులు ఎక్కడ దొరుకుతాయని అడిగాను. ఆవిడ ఒక చీటీ మీద అడ్రస్ రాసిచ్చింది. “పిల్సెన్‌లో మా పెద్దమ్మ దుకాణం. డోన్యా చెలో అని అడగండి. శనివారాలు యారెలి అక్కడే ఉంటుంది, ఈ వారం మాత్రం జలుబు చేసింది” అంది. పిల్సెన్ అంటే షికాగోలో మెక్సికో నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా ఉండే పేట. ఒక్కదాన్నే వెళ్లడానికి బెరుకుగా ఉండి, నా రూమ్మేట్ హారికను బతిమాలాను. హారికది వరంగల్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది, శనివారం పొద్దున ఏడింటికి లేవడమంటే ఆమెకు శిక్ష.

షామ్‌బర్గ్ స్టేషన్‌లో ఎనిమిదిన్నర ప్రాంతంలో డౌన్‌టౌన్ రైలు ఎక్కాం. వారాంతపు టికెట్ ఏడు డాలర్లు. శని, ఆదివారాలు రెండు రోజులూ ఎన్నిసార్లయినా తిరగవచ్చు, రైల్లో కండక్టర్ దగ్గరే కొనుక్కోవచ్చు. దాదాపు గంట ప్రయాణం. పై అంతస్తులో ఒంటి సీట్లు ఖాళీగా ఉన్నాయి కానీ, మాట్లాడుకోవడానికి వీలుగా కిందే కూర్చున్నాం. కిటికీలోంచి ఆకులు రాని చెట్లు, గోదాములు, ఇళ్ల వెనక పెరళ్లు కనిపిస్తున్నాయి.

“ఏందే, గుండ్రంగ ఉన్న రొట్టె కోసం ఇంత దూరం తీస్కపోతున్నవ్. మన ఇంట్ల చపాతీ గుండ్రంగ ఉండదా?” అంది హారిక.

“నువ్వు చేసింది ఉండదు” అన్నాను.

“గదీ నిజమే. నాది తీస్కపోతే పిల్లలకు మ్యాప్ నేర్పొచ్చు” అని కళ్లు మూసుకుంది.

యూనియన్ స్టేషన్‌లో దిగి, ఉత్తరం వైపు పది నిమిషాలు నడిస్తే క్లింటన్ స్టేషన్ వస్తుంది. అక్కడ పింక్ లైన్ రైలు ఎక్కాలి, టికెట్ రెండుంబావు డాలర్లు. పావుగంటలో ఎయిటీన్త్ స్ట్రీట్‌లో దిగాం. ప్లాట్‌ఫాం మీది నుంచి కిందికి దిగే మెట్ల పొడవునా, గోడల నిండా బొమ్మలు వేసి ఉన్నాయి. ఫోటోలకు ఇక్కడే అరగంట పోతుంది, ముందే చెబుతున్నాను. వీధిలోకి రాగానే బేకరీ వాసన పట్టుకుంది. లోపల ఎవరికి వాళ్లు ఒక పళ్లెం, పట్టకారు తీసుకుని, కావలసిన రొట్టెలు ఏరుకుని కౌంటర్ దగ్గరికి తేవాలి. నేను ఏరుతున్న తీరు చూసి కౌంటర్ వెనకావిడ ఇంగ్లీషులో అడిగింది.

“ఒక్కొక్కటి ఒక్కో రకం తీస్తున్నావు. ఇంట్లో అందరి రుచులూ వేరా?”

“పిల్లలకు ఆకారాలు నేర్పడానికండీ. ఇది సీర్కులో, ఇది త్రియాంగులో.”

ఆవిడ పళ్లెంలోకి తొంగి చూసి, పందిపిల్ల ఆకారంలో ఉన్న బెల్లం రంగు బిస్కెట్టు ఒకటి తెచ్చి పెట్టింది. “పాఠం అయిపోయాక ఇది పెట్టు. పిల్లలు ముందు దీన్నే అడుగుతారు.” గవ్వ మీది గీతల్లా పైన పంచదార చారలున్న గుండ్రటి రొట్టె నేను తిన్నాను. హారిక రెండు తింది, శిక్ష కొంత తగ్గిందని చెప్పింది.

డోన్యా చెలో దుకాణం అక్కడి నుంచి రెండు వీధుల అవతల. ముందు గది నిండా పండగ సామాన్లు, వెనక గదిలో కొయ్య బల్ల. పైకప్పు కింద తాళ్లకు కట్టి వేలాడుతున్నవి పపెల్ పికాదో. అంటే పలచటి రంగు కాగితాల్లో బొమ్మలు చెక్కి చేసే తోరణాలు. పెళ్లికీ, పుట్టినరోజుకీ, చనిపోయినవాళ్లను తలుచుకునే రోజుకీ ఇవి కడతారట. డోన్యా అంటే మన ‘గారు’ లాంటి మాట. చెలో గారికి అరవై దాటి ఉంటాయి. యారెలి వాళ్లమ్మ పంపిందని చెప్పగానే చేతిలో పని ఆపకుండానే కాలితో రెండు స్టూళ్లు మా వైపు తోసింది.

బల్ల మీద యాభై దాకా కాగితాలు దొంతరగా పెట్టి, పైన నమూనా గీసిన కాగితం బిగించి ఉంది. పక్కన రకరకాల మూతుల ఉలులు. కొన్ని తిన్నగా, కొన్ని వంపుగా, కొన్ని గొట్టంలా గుండ్రంగా ఉన్నాయి. ఉలి నిలబెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే యాభై కాగితాలకూ ఒకేసారి తెగుతుంది. పది నిమిషాలు చూశాక ఆవిడ దొంతర ఎత్తి దులిపింది. ఎర్రటివీ పచ్చటివీ గుండ్రటి ముక్కలు, మూడు మూలల ముక్కలు బల్ల మీదా నేల మీదా జలజలా రాలాయి. ముంజేత్తో వాటిని పక్కనున్న డబ్బాలోకి నెట్టేసి, కాగితాన్ని వెలుగుకేసి పట్టి చూసింది.

“సీర్కులో బాగా వచ్చింది” అంది, కాగితంలో ఉన్న రంధ్రాన్ని చూపిస్తూ.

హారిక డబ్బాలోంచి గుప్పెడు ముక్కలు తీసింది. “సుజాతా, ఇవి అడుగు. మంచిగున్నయ్ గుండ్రంగ. పిల్లలు అంటించుకుంటరు.” ఆ మాట నేను ఇంగ్లీషులో చెబితే చెలో గారు నవ్వారు. “అది చెత్త కదమ్మా. దాన్నేం చేసుకుంటారు? యారెలికి మూడేళ్లప్పటి నుంచీ ఆ పనే ఇచ్చాను. నేను చెక్కుతాను, అది దులిపి, రాలినవన్నీ డబ్బాలో వేసి, కాగితం నా చేతికిస్తుంది. ఒక్క ముక్క కూడా వదలదు.”

ఆ పాప మూడు రోజులూ చేసింది ఇదే. మడవడం, కత్తిరించడం, ముక్కను పారేయడం, పని పూర్తయిన కాగితాన్ని పెద్దవాళ్ల చేతికివ్వడం. నేను చేయి చాపితే, దేనికి చాపానో అది ఇచ్చాననే అనుకుని ఉంటుంది.

“బడిలో ఎలా ఉంది మా పిల్ల?” అని అడిగారు చెలో గారు, తర్వాతి ఉలి ఏరుకుంటూ.

అబద్ధం చెప్పలేను, షీట్ సంగతి ఇంటివాళ్లకు బయటపెట్టే అధికారం నాకు లేదు. “చాలా నెమ్మదిగా ఉంటుందండీ” అన్నాను.

సుత్తి ఆగింది. “నెమ్మదా? యారెలియా? ఇక్కడ నా ఉలులకు పేర్లు పెట్టింది. నేను తప్పు ఉలి తీస్తే తిడుతుంది.” కాసేపు నా మొహంలోకి చూసి, గొంతు తగ్గించి అంది. “మా ఇంట్లో దాని తరం వరకూ ఎవరమూ సరిగా బడి మొహం చూడలేదు. అది చదువుకోవాలి. నువ్వు కాస్త కనిపెట్టుకుని ఉండు.”

అలాగేనని తలూపాను. రెండు తోరణాలు కొన్నాను. ఆవిడ అడగకుండానే ఒక కాగితం సంచీ నిండా రాలిన ముక్కలు పోసి హారికకు ఇచ్చింది. తర్వాత ఆ పేటలోనే ఉన్న మ్యూజియం చూద్దామనుకున్నాం కానీ నాకు ఓపిక లేదు. ఒంటిగంట దాటాక తిరుగు రైలెక్కాం.

“గిప్పుడేం చేస్తవ్? సంతకం పెట్టినవ్ కదా” అంది, షీట్ సంగతి నా దగ్గర ముందే విన్న హారిక.

“తప్పు రాశానని చెబుతాను.”

“నీ గ్రేడ్ పోతదేమో మరి.”

“పోనీ. నేను చూసిందే రాశాను కానీ, చూడటమే తప్పుగా చూశాను.”

హారిక సంచీలోంచి ముక్కలు తీసి ఒళ్లో రంగుల వారీగా వేరు చేస్తూ కూర్చుంది.

ఆదివారం చిలకలూరిపేటకు ఫోన్ చేశాను. మా అమ్మ ఇంటి వరండాలో జాకెట్లు కుడుతుంది. చదువు లేదు. కొలతలన్నీ టేపు మీద వేలు పెట్టి గుర్తుంచుకుంటుంది. మా ఇంట్లో మొదట బడికెళ్లింది నేనే. జరిగింది చెబితే అమ్మ అటువైపు నుంచి తేలిగ్గా అంది. “ముక్క పారేయకపోతే మెడలో తల ఎట్టా దూరుద్దే? రౌండ్ నెక్ అంటే కత్తిరించి పడేసిందా, జాకెట్లో మిగిలిందా? ఇంతోటి దానికి నువ్వు అక్కడిదాకా పోయి చదవాలా?”

మా అమ్మ మిషన్ కింద రాలిన గుడ్డముక్కలతో ఆడుకుంటూ పెరిగినదాన్ని. నాకు అప్పుడే తట్టాల్సింది.

సోమవారం ఏడున్నరకే బడికి వెళ్లి మిస్ కేరన్‌కి అంతా చెప్పాను. ఆవిడ విని, “రాసింది కొట్టేయకూడదు. కింద తేదీ వేసి, ఏం తెలుసుకున్నావో రాయి” అన్నారు. ఆ తర్వాత, “కానీ దుకాణంలో విన్న మాట మీటింగులో చాలదు. నా ఎదురుగా మళ్లీ అడుగు” అన్నారు.

తోరణాన్ని కిటికీకి కట్టాను. యారెలి ముక్కు తుడుచుకుంటూ లోపలికి వచ్చి దాన్ని చూసి ఆగిపోయింది. నేను పక్కన మోకాళ్ల మీద కూర్చుని, “సీర్కులో ఎక్కడుంది?” అని అడిగాను. నా స్పానిష్ ఎంత బాగుందో నాకు తెలుసు. అయినా పాపకు అర్థమైంది. గుండ్రటి రంధ్రంలోంచి వేలు అవతలికి దూర్చింది. త్రియాంగులో అడిగితే త్రిభుజంలో దూర్చింది. క్వాద్రాదో అడిగితే కాసేపు వెతికి, ఇందులో లేదని తల అడ్డంగా ఊపింది. నిజంగానే అందులో చతురస్రం లేదు. నేనే చూసుకోలేదు.

అప్పుడు మిస్ కేరన్ పెట్టెలోంచి గుండ్రటి చెక్క బిళ్ల తీసి, “మరి ఇదేమిటి?” అన్నారు.

యారెలి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, స్పానిష్‌లో చిన్నగా ఏదో అంది. పక్కనున్న పిల్లాడు ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. “కిందపడిపోయేది అంటోంది.”

మిస్ కేరన్ బిళ్లను పాప చేతిలోనే ఉంచి, “అవును, దానికీ పేరు సీర్కులోనే” అని నెమ్మదిగా చెప్పారు. పాప బిళ్లను రంధ్రానికి ఆనించి చూసింది. చాలా పెద్దది, పట్టలేదు. అయినా ఒప్పుకున్నట్టే తలూపింది. పదింటి మీటింగులో యారెలిని అదే తరగతిలో ఉంచి, మే నెలలో మళ్లీ చూడాలని తీర్మానించారు. బయటికి వచ్చాక మిస్ కేరన్ బీరువా తెరిచి, మిగిలిన పదిహేను మంది షీట్లూ బల్ల మీద పెట్టారు. “కూర్చో. ‘రాదు’ అని ఇంకెక్కడెక్కడ రాశామో చూద్దాం” అన్నారు. నువ్వు రాశావు అనలేదు, రాశాం అన్నారు.

నేను పిల్సెన్‌కి పిల్లల కోసం వస్తువులు కొనడానికి వెళ్లాను. వాళ్ల సంస్కృతి అంటే ఒక సంచీలో వేసుకుని తరగతికి తేగలిగే రొట్టెలు, కాగితాలు అనుకున్నాను. ఆ వస్తువులు చేసే చేతులకు ఒక పద్ధతి ఉంటుందని, ఆ పద్ధతిని పిల్లలు మనకంటే ముందే నేర్చుకుని బడికి వస్తారని ఆ శనివారం దాకా నాకు తెలియదు. మొదటి తరం చదువుకున్నవాళ్లకు బడి చెప్పినదే సరైనదన్న గౌరవం ఎక్కువ, నాకూ అంతే. ఆ గౌరవం ఇప్పటికీ ఉంది. కాకపోతే ఒక పిల్ల నాకు తప్పుగా కనిపించేది ఇచ్చినప్పుడు, కలం తీసే ముందు, దీన్ని నీకు ఎవరు నేర్పారని అడగడం అలవాటు చేసుకున్నాను. చాలాసార్లు జవాబు ఒక అమ్మమ్మ పేరో, ఒక మావయ్య పేరో అవుతుంది.

మీరు వెళ్లేటట్టయితే ఒక్క సలహా. ఇలాంటి దుకాణాల్లో చెక్కే పని పొద్దునపూటే జరుగుతుంది, మధ్యాహ్నం నుంచి అమ్మకం తప్ప ఏమీ కనిపించదు. అందుకని శనివారం పదకొండు లోపు చేరుకోండి, ఫోటో తీసే ముందు అడగండి, ఓ గంట ఖాళీ ఉంచుకుని కూర్చోండి.