అంచుకు జరిగిన రంధ్రం

దుకాణాల మధ్య పెరిగినవాళ్ల నోట మొదట ‘రాదు’ అనే మాటే వస్తుంది. కొనేవాళ్లు ఎంతకు అడిగినా ఆ ధరకు రాదు. కాసేపటికి అదే ధరకు వస్తుంది, పొట్లం కట్టి ఇచ్చేటప్పుడు “మీకని ఇస్తున్నం” అనే మాట కూడా వెంట వస్తుంది. ఇంజినీరింగ్ చదివి, విమాన భాగాలు తయారుచేసే కంపెనీలో చేరి, శంషాబాద్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నప్పుడు మా దుకాణపు ఇంటి నుంచి నేను తెచ్చుకున్న విద్య ఇదొక్కటే. టమాటాలమ్మే అక్కతో అరకిలోకి అరగంట బేరమాడేవాణ్ని. టమాటాల కోసం కాదని ఆమెకు తెలిసే ఉంటుంది. గదికి పోతే మాట్లాడేదెవరు?

ఉద్యోగంలో నా పని స్ట్రెస్ ఎనాలిసిస్. రెక్క లోపలి పక్కటెముక లాంటి ముక్క ఎంత బరువు మోయాలి, ఎంత మోయగలదు, మధ్యన మిగులు ఎంత అన్నది లెక్కగట్టాలి. కింద ముక్కలు బిగించే షాపులో ఎవరైనా రంధ్రం పక్కకు వేస్తే, ఆ ముక్క వాడొచ్చా, పారేయాలా అని నా దగ్గరికి కాగితం వచ్చేది. మిగులుంటే వాడొచ్చు, లేకపోతే తుక్కే. బాగా కుదిరిన ముక్కను తెచ్చి నాకు చూపించేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకని నా బల్ల దగ్గరికి ఎవరూ ఊరికే వచ్చేవాళ్లు కాదు.

ఒక్కాయన తప్ప. అసెంబ్లీ సూపర్‌వైజరు, పక్కనే ఉన్న పాల్మాకుల ఊరి మనిషి, నాకంటే బాగా పెద్ద. కాగితం ట్రేలో పడేసి పోవచ్చు గానీ ఆయన కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. మాది దుకాణాల ఇల్లని తెలిసి నన్ను సేటు అనేవాడు.

“ఏంది సేటు, సరిపోతదా?”

“కష్టమన్నా.”

“జర సూడు. గింతంతనే జరిగింది.”

“గింతంత అని విమానానికి తెల్వదు గదన్నా.”

“నువ్వు జెప్పు దానికి. సదువుకున్నోనివి.”

లెక్క అప్పటికే తేలిపోయి ఉండేది, మిగులూ కావలసినంత ఉండేది. అయినా నేను తల గోక్కుంటూ స్క్రీన్ వైపు దిగులుగా చూసేవాణ్ని. ఆయన టీ తెప్పించి, బోరు ఎండిన సంగతో, బర్రె ఈనిన సంగతో చెప్పేవాడు. చివరకు “సరే, నీ మొహం జూసి” అని సంతకం పెట్టేవాణ్ని. లెక్కలో ఎవరి మొహానికీ చోటుండదని ఇద్దరికీ తెలుసనే అనుకున్నాను. “సేటు ఒప్పుకున్నడు!” అని అరుచుకుంటూ వెళ్లేవాడు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చుని, జొన్నరొట్టె తుంచి నా ప్లేటులో వేసేవాడు. రోజంతటిలో నాతో పనికిరాని కబుర్లు చెప్పే మనిషి ఆయనే కదా, బేరాన్ని వీలైనంత సాగదీసేవాణ్ని.

ఒక రోజు వచ్చిన ముక్కలో రంధ్రం అంచుకు బాగా జరిగిపోయింది. డ్రాయింగులోని మందం బదులు కొలిచిన అసలు మందం వేసి చూశాను. చుట్టూ ఉన్న రివెట్లకు బరువు పంచి చూశాను. ఏ దారిన పోయినా మిగులు సున్నాకు కిందనే తేలింది.

“రాదన్నా,” అన్నాను.

ఆయన నవ్వాడు. “టీ చెప్పాల్నా?”

“కాదన్నా, నిజంగనే రాదు.”

“ఎప్పుడు అబద్ధంగ అన్నవు?” అని కన్నుకొట్టి లేచాడు. “సాయంత్రం వస్త, తయారుగ పెట్టు.”

పోతూ పోతూ వాళ్ల పెద్దసారుకు ఈ పని ఇవాళే అయిపోతుందని మాటిచ్చేశాడట. ‘వాడరాదు’ అన్న నా కాగితం షాపులోకి చేరాక, ఆ సారు అందరి ముందూ ఆయన్ని నిలదీశాడు. ముక్కకు ఎర్రరంగు పూసి తుక్కులో వేశారు.

సాయంత్రం ఆయన వచ్చాడు. కుర్చీ లాక్కోలేదు.

“రానప్పుడు రాదని చెప్పాలె గద తమ్మీ.”

“చెప్పిన గదన్నా.”

“రోజు గట్లనే చెప్తివి. నాకెట్ల తెల్వాలె?”



తర్వాత నుంచి కాగితాలు ట్రేలోకే వచ్చాయి. బేరం లేదు గనుక వెంటనే జవాబు రాసేవాణ్ని. పని చురుకైందని మా మేనేజరు మెచ్చుకున్నాడు. క్యాంటీన్‌లో ఆయన ఫిట్టర్ల బల్లకు మారాడు. ఒక రోజు మిర్చి బజ్జీలు పట్టుకెళ్లి ఆ బల్ల మీద పెట్టాను. “నూనెది బంద్ జేసిన, దవాఖానల వద్దన్నరు,” అని పొట్లం పక్కకు జరిపాడు. ఫిట్టర్లు ఒక్కటీ మిగల్చలేదు. నేను ప్లేటు తీసుకుని నా చోటుకు వెళ్లి తిన్నాను.

వానాకాలంలో ఆయన దగ్గరి నుంచే ఇంకో కాగితం వచ్చింది. మిగులు పుష్కలంగా ఉంది. సంతకం చేసి నేనే కిందికి తీసుకెళ్లాను. ఆయన ఒక ముక్క మీదికి వంగి ఉన్నాడు.

“సరిపోతదన్నా.”

నడుము నిలబెట్టి నన్ను చూశాడు. “ఒక్కసారికే అంటివి. పానం మంచిగున్నదా?”

నవ్వబోయాను. ఈలోపే ఆయన కాగితం తీసుకుని, వేలు పెట్టి మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఇంతకుముందు ఎన్నడూ చదివింది లేదు. నా సంతకం దాకా చదివి మడతపెట్టాడు.

“మంచిది సార్.”

మళ్లీ పని మీదికి వంగాడు. రివెట్ల చప్పుడు మొదలైంది. అక్కడే ఇంకాస్సేపు నిలబడటానికి ఏదైనా వంక దొరుకుతుందేమోనని చుట్టూ చూశాను.